పిన్ని క్షమాపణల న్యూస్‌లెటర్

మా పిన్నికి క్షమాపణ చెప్పుకోవడమంటే ప్రాణం. దారిలో ఎవరైనా తన కాలు తొక్కితే, "అయ్యో, అడ్డంగా పెట్టాను, ఏమనుకోకండి" అని వాళ్లనే ఓదార్చి పంపిస్తుంది. ఈ గుణం నోటిమాటలతో సరిపోయినంత కాలం ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. వంటింట్లో కొవ్వొత్తుల వ్యాపారం పెట్టి, నెలనెలా అందరికీ ఈమెయిల్లో న్యూస్‌లెటర్ పంపాలని ఆవిడకి బుద్ధి పుట్టడంతో నా తలవంపులు మొదలయ్యాయి. ఆవిడ చెబుతుంటే టైపు చేసి పంపేది నేనే మరి.

"రాయవే. ఈ నెల నిమ్మవాసన కొవ్వొత్తికి ముక్కు ఆనించినా వాసన రాదు. ఎసెన్సు పోసే వేళకి నేను కునుకు తీశాను. క్షమించండి."

"పిన్నీ, వ్యాపారమన్నాక కాస్త గొప్పలు చెప్పుకోవాలి."

"సరుకు చూశాక ఎలాగూ నవ్వుతారు. మనమే ముందు నవ్వించేస్తే గొడవ వదిలిపోతుంది. పోయిన నెల ఉత్తరం పొడుగైనందుకూ క్షమించమని రాయి."

అది రాయడంతో ఈ నెలది ఇంకా పొడుగైంది.

చిరునామాలు తక్కువయ్యాయని నాకు తెలిసినవాళ్లందరివీ ఇచ్చి, నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. మా మేనేజరు ఆఫీసులో అందరి ముందూ, "మీ పిన్నిగారు ఇప్పుడైనా లేచారా?" అని అడిగాడు. ఎటు చూడాలో తెలియక కంప్యూటర్ తెర తుడుస్తూ కూర్చున్నాను. పళ్ల డాక్టరు నన్ను కుర్చీలో పడుకోబెట్టి మరీ నిలదీశాడు. "నేను ఒక్క కొవ్వొత్తీ కొనలేదమ్మా. ఆవిణ్ణి దేనికని క్షమించాలి?" ఆయన చెయ్యి నా నోట్లో ఉండబట్టి బతికిపోయాను.

వీటన్నిటికీ తలమానికం వంకర వత్తి. అచ్చులో వత్తి నడిమధ్య నిలవకపోతే కొవ్వొత్తి ఒక పక్కే కరిగి కూలబడుతుంది. పిన్నివి చాలామటుకు అలాగే కూలబడేవి. "నా తొందరే కారణం" అని ప్రతి నెలా ఒప్పుకునేది.

ఒక నెల పిన్నికి జ్వరమొచ్చింది. అదను దొరికిందని క్షమాపణలన్నీ కొట్టేసి, నా సొంత తెలివితో రాశాను: "వత్తులు వంకరపోవడం సిబ్బంది పొరపాటు. ఇకపై జరగదు." పెద్ద కంపెనీ ఉత్తరంలా ఉందని మురిసిపోతూ పంపించాను.

మర్నాడు వెళ్తే వంటింట్లో పొయ్యి వెలగలేదు. పిన్ని అత్తగారు, మేం మామ్మగారని పిలిచే ఆవిడ, తన గదిలో గోడవైపు తిరిగి పడుకున్నారు. రోజూ పిన్ని మైనం పోస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని అచ్చుల్లో వత్తులు నిలబెట్టి పట్టుకుంటుంటే కాలక్షేపానికి కాబోలు అనుకునేదాన్ని. ఆవిడ ఫోనుకి కూడా న్యూస్‌లెటర్ వెళ్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

"సిబ్బంది అంటే ఎవరే?" అని పిన్ని మెల్లగా అడిగింది.

నేను ఆ గదివైపు చూశాను. "ఆవిడ చేతులు వణుకుతున్నాయి కదా పిన్నీ. మానేయమనచ్చుగా."

"వంట మానేశారు, కుట్టు మానేశారు. ఇదీ మానేయమంటే రోజంతా ఆ గోడని చూస్తూ పడుకుంటారు. నేను నాలుగు మాటలు పడితే నాకేం అరిగిపోతుంది?"

ఆఫీసులో పడ్డ సిగ్గు ఏపాటిదో అప్పుడు తెలిసొచ్చింది. పిన్ని మొహంలోకి చూడలేకపోయాను. ఆవిడ చెప్పకుండానే అక్కడే కూర్చుని టైపు చేశాను: "నిన్నటి ఉత్తరంలో ఘోరమైన తప్పు దొర్లింది. మాకు సిబ్బంది లేరు. వత్తులు వంకరపోయేది మా పిన్ని మైనం ఆత్రంగా పోయడం వల్లే. క్షమించండి." మేనేజరుతో, పళ్ల డాక్టరుతో సహా అందరికీ పంపాను.

గదిలో ఉత్తరం అందినట్టు ఫోను టింగుమంది. కాసేపటికి మామ్మగారు గోడ పట్టుకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. పిన్ని ఏమీ ఎరగనట్టు పొయ్యి వెలిగించి, మైనం తేవడానికి లోపలికి వెళ్లింది.

మామ్మగారు నన్ను దగ్గరకి పిలిచి చెవిలో చెప్పారు.

"వచ్చే నెల తప్పు నా మీద వేసి రాసెయ్యమ్మా. కోడలికి తెలియనివ్వకు. కొత్తగా వ్యాపారం పెట్టుకున్న పిల్ల, ఊరికే పేరు పాడవుతుంది."