మస్తాన్ గారి కోడికాలు

పెట్రోలు ట్యాంకు మూత తీయగానే, ఆయిలు కలిపిన పెట్రోలు వాసన గుప్పున ముక్కుకు తగులుతుంది. ఇప్పటి బళ్ళకు ఆ వాసన లేదు. రిటైరైన మూడో నెలలో, నరసరావుపేటలో ఒక మిరపకాయల గోడౌన్లో మూలపడి ఉన్న రెండు సైలెన్సర్ల మోటారు సైకిల్ని కొని చిలకలూరిపేట తెచ్చుకున్నాను. "ఈ వయసులో ఇదేం సరదా అక్కా" అని మా చెల్లెలు ఫోన్లో నవ్వింది. సరదానే అన్నాను. అసలు సంగతేమిటంటే, ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను, పొద్దున్న లేవడానికి ఏదో ఒక పని కావాలి. మస్తాన్ గారు నడిపింది సరిగ్గా ఇలాంటి బండే. మూత తీసినప్పుడల్లా ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. లేరని గుర్తు రావడానికి ఎంతోసేపు పట్టదు.

మస్తాన్ గారు మెకానిక్. ఇక్కడే హైవే పక్కన, పత్తి జిన్నింగు మిల్లు ప్రహరీకి ఆనించి వేసుకున్న రేకుల షెడ్డు ఆయనది. నేను వ్యవసాయ శాఖలో కొత్తగా చేరి, మోపెడ్ మీద ఊళ్ళు తిరుగుతూ పత్తి చేలల్లో పురుగు ఎంత ఉందో రాసుకునే రోజులవి. ఆ మోపెడ్ వారానికోసారి ఎక్కడో ఒకచోట మొరాయించేది. మూడోసారి తోసుకుంటూ వెళ్ళినప్పుడు ఆయన బండి వైపు చూడలేదు, నా వైపు చూశారు.

"ఎంత దూరం తోశావమ్మా?"

"నాలుగు కిలోమీటర్లండి."

"నేను బాగు చేస్తే మళ్ళీ తోస్తావు. కూర్చో. నువ్వే విప్పు."

స్పానరు నా చేతిలో పెట్టి తను టీ తాగుతూ కూర్చున్నారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కార్బురేటరు విప్పాను. ఇద్దరు లారీ డ్రైవర్లు ఆగి వింతగా చూస్తుంటే, "మీ బండి విప్పడం మీకొచ్చా? రాదుగా, పోండి" అని ఆయన వాళ్ళను కసిరారు. ఆ తర్వాత ఏడేళ్ళు నా ఆదివారాలు చాలావరకు ఆ షెడ్డులోనే గడిచాయి.

ఆయనకు ఇంగ్లీషు రాదు. స్పేరు పార్టుల పేర్లు నోరు తిరక్క, తన పేర్లు తనే పెట్టుకున్నారు. కార్బురేటరులో పెట్రోలు మీద తేలేది బాతు. గేరు మార్చినప్పుడు లోపలి పళ్ళచక్రాన్ని పక్కకు జరిపే, వేళ్ళు చాపినట్టుండే ఇనుపముక్క కోడికాలు. "పేరుంటే భయం పోద్దమ్మా. తెలవకపోతే నువ్వే ఒకటి పెట్టుకో" అనేవారు. పురుగుకు శాస్త్రం పెట్టిన పేరు కంటే ముందు రైతు ఏమని పిలుస్తున్నాడో అడగడం నాకు అక్కడే అలవాటైంది. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మంచి పద్ధతి అదొక్కటే అనుకుంటాను. చిక్కేమిటంటే, ఆయన పెట్టిన పేర్లు వాడీ వాడీ, అవి ప్రపంచమంతటా చెల్లుతాయనుకున్నాను.

కొన్న బండికి రెండో గేరు నిలవడం లేదు. వేసిన గేరు దానంతటదే జారిపోతుంది. విప్పి చూస్తే కోడికాలు అరిగిపోయి ఉంది. గుంటూరు వెళ్ళి, స్పేరు పార్టుల షాపులో దర్జాగా అడిగాను. "కోడికాలు కావాలండి."

కౌంటరు దగ్గరున్న మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "చికెన్ కొట్టు పక్క సందులో ఉందమ్మా."

అక్కడ నేనూ నవ్వాను. బస్సెక్కాక మాత్రం ఏడుపొచ్చింది. ఆ మాటలు మాట్లాడే ఊరొకటి ఉన్నట్టూ, అందులో నేనొక్కదాన్నే మిగిలినట్టూ అనిపించింది.

ఏడవడానికి ఇంకో కారణమూ ఉంది. ఒంగోలు బదిలీ అయ్యాక నేను కొత్త స్కూటర్ కొన్నాను. ఒకరోజు ఆయన ఫోన్ చేశారు.

"బండి ఎట్టా ఉందమ్మా?"

"కొత్తది కొన్నానండి. దానికేం పని ఉండదు. ఏదైనా వస్తే కంపెనీ వాళ్ళే చూసుకుంటారు."

"అట్టాగా. మంచిదమ్మా" అన్నారు. మళ్ళీ చేయలేదు, నేనూ చేయలేదు. ఆయన అడిగింది బండి గురించి కాదని అర్థం చేసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆయన పోయిన సంగతి కూడా, రోడ్డు వెడల్పు చేసి షెడ్డు తీసేశాక, అక్కడి టీ కొట్టతను చెబితే తెలిసింది.

చివరికి పాత బళ్ళవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరాను. "పార్ట్ నంబర్ పెట్టు బ్రో" అన్నారెవరో. బ్రోని కాదని చెప్పే ఓపిక లేక, ముక్క బొమ్మ గీసి పెట్టాను. వేటపాలెం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తన దగ్గర అలాంటి ఇంజను ఒకటి పడి ఉందని రాశారు. వెళ్ళాను. జీడిపప్పు బస్తాల వెనక నుంచి దాన్ని ఇద్దరం కలిసి ఈడ్చాం. విప్పి చూస్తే లోపలి ముక్క నిక్షేపంలా ఉంది. "దీన్ని ఏమంటారండి?" అని అడిగాను, ఆశతో. "ఫోర్క్ అంటారమ్మా" అన్నారాయన. తెచ్చి నేనే బిగించాను. పర్చూరు రోడ్డు మీద రెండో గేరు నిలిచింది. ఇంటికొచ్చి చెబుదామంటే ఎవరూ లేరు.

అందుకే గ్రూపులో రాశాను. ఎలా విప్పాలో, ఏది ముందు తీయాలో, ఫోటోలతో సహా పెట్టాను. ప్రతి ముక్క కిందా మస్తాన్ గారు పెట్టిన పేరే రాశాను, ఆయనెవరో కూడా రాశాను. ఎవరూ ఏమీ అనలేదు.

మొన్న సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అద్దంకి నుంచి ఎవరో.

"మేడమ్, మాది కూడా సేమ్ ప్రాబ్లమండి. కోడికాలు అరిగిపోయింది."

ఏం అరిగిందన్నారని మళ్ళీ అడిగి చెప్పించుకున్నాను. తర్వాత వేటపాలెం మాస్టారి నంబరు ఇచ్చాను, విప్పే వరస మళ్ళీ చెప్పాను. అతను అన్నీ రాసుకుని మొహమాటంగా అడిగాడు. "మధ్యలో ఎక్కడన్నా ఆగిపోతే మళ్ళీ ఫోన్ చేయొచ్చా అండి?"

"చెయ్యండి" అన్నాను. "బాగైపోయాక కూడా చెయ్యండి."