అరకిలో కెమెరాకు పంతొమ్మిది కిలోల స్టాండు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ నా కంటికి ఆ వస్తువులా కనిపించేది కాదు. ఇల్లు తుడిచే కర్రను చూస్తే ఇది కెమెరాకు కాలవుతుందా అనీ, ఇడ్లీ గిన్నె మూతను చూస్తే దీనిమీద కెమెరా పెట్టి గుండ్రంగా తిప్పొచ్చా అనీ ఆలోచించేదాన్ని. మా అమ్మ లెక్కలో ఇదొక జబ్బు. "డిగ్రీ అయింది, బ్యాంకు పరీక్షలు రాయవే అంటే కర్రలెంబడి పడ్డది" అని లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా వరసలో ఉన్న ప్రతి గుమ్మం దగ్గరా చెప్పుకుని బాధపడేది. ఆ బాధ వల్లే నాకు మొదటి పని దొరికింది. మూడిళ్ళ అవతల ఉండే అక్కకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి వీడియో తీసేవాళ్ళ కోసం వెతుకుతూ, "మన పిల్లనే తీస్తదట గదా" అనుకున్నారు వాళ్ళు.

చిక్కంతా ఆ అక్క తమ్ముడితో వచ్చింది. నా ఈడువాడే. పొట్టి సినిమాలు తీయాలని కలలు కంటూ తిరిగేవాడు కాబట్టి అందరూ డైరెక్టర్ అనేవారు. "కెమెరా గాల్లో తేలాలె. మా అక్క నడిచొస్తుంటే మబ్బుల మీదికెళ్ళి వచ్చినట్టుండాలె" అని హుకుం వేశాడు. నా దగ్గరున్నదల్లా ఎవరో వాడి వదిలేసిన అరకిలో కెమెరా, వణికే రెండు చేతులు. కెమెరాను తేలించే యంత్రాలు అద్దెకిస్తారు గానీ, ఆ అద్దె కట్టే స్తోమత నాకు లేదు. యూట్యూబులో ఒక తెల్లాయన మాత్రం ఒక పైపు, కింద ఒక బరువు, మధ్యలో ఒక బేరింగు ఉంటే చాలంటూ పది నిమిషాల్లో చేసి చూపించాడు. (ఆయన వెనక గోడనిండా పనిముట్లు వేలాడుతున్నాయి. మా ఇంట్లో ఉన్నది కుక్కర్ పిడి బిగించే స్క్రూడ్రైవర్ ఒక్కటే.)

నేనూ ఒకటి చేశాను. తుడిచే కర్ర, కిరాణా కొట్టులో బతిమాలి తెచ్చిన కిలో తూకం రాయి, పాత స్కేటింగ్ చక్రంలోంచి పీకిన బేరింగు. దాన్ని పట్టుకుని వరండాలో నడిచి, తీసింది అమ్మకు చూపిస్తే, "మనిల్లు పడవెక్కినట్టుందేందే, కడుపుల తిప్పుతుంది, ఆపు" అని కళ్ళు మూసుకుంది. సరిగ్గా అప్పుడే డ్యూటీ నుంచి మా నాన్న వచ్చాడు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. జన్మంతా బోగీలు బాగుచేసిన మనిషి కావడంతో ఏ వస్తువుకైనా ఆయనది ఒకటే పరీక్ష: దీనిమీద జనం ఎక్కితే నిలబడుతుందా, లేదా? మా ఇంట్లో బట్టలారేసే తీగకు రెండు వైపులా ఆయన పాతిన ఇనుప స్తంభాలు లారీని కూడా ఆపగలవు. వంటింట్లో ఆయన చేసిన స్టూలును జరపాలంటే ఇద్దరం కావాలి. అలాంటి మనిషి నా కర్రను అటూ ఇటూ ఊపి చూశాడు.

"గిదేంది బిడ్డా, గిది ఒంగుతది."

"అరకిలో కెమెరా నాన్నా, ఎందుకొంగుతది?"

"రేపు ఎవడన్న దీనిమీద చెయ్యేస్తే?"

"కెమెరా మీద ఎవరేస్తరు చెయ్యి?"

"ఎయ్యరని నువ్వు రాసిస్తవా?"

నేను రాసివ్వలేదు. మూడు ఆదివారాలు ఆయన మౌలాలిలో దోస్తు వెల్డింగ్ షెడ్డులోనే గడిపాడు. నీళ్ళ పైపులు కోశాడు, పాత స్కూటర్ స్ప్రింగులు బిగించాడు, నా చిన్నప్పటి స్కూలు బ్యాగుల బెల్టులన్నీ కుట్టించాడు, ఛాతీకి ఆనించడానికి పాత సూట్‌కేసు మూతను సగానికి కోసి తగిలించాడు. బరువు చూద్దామని పాత సామాన్ల కొట్టుకు తీసుకెళ్తే పంతొమ్మిది కిలోలు తూగింది. "ఇస్తవా అన్నా? ఇనుము మంచిగుంది" అని కొట్టతను ఆశగా అడిగాడు. ఆ మాటకు నాన్న అతనితో నెలరోజులు మాట్లాడలేదు.

కానీ నిజం ఒప్పుకోవాలి. దాన్ని కట్టుకుని మా వీధిలో నడిస్తే ("దోమల మందు కొట్టేటోళ్ళొచ్చిన్రు, కిటికీలు మూయుండ్రి" అని ఎవరో అరిచారు, అది వేరే సంగతి) బొమ్మ మాత్రం నూనెలో జారినట్టు సాగింది. అంత బరువును వణికించే శక్తి నా చేతులకు లేదు.

నిశ్చితార్థం ఒక ఫంక్షన్ హాల్లో, పొద్దున పదకొండింటికి. ఆ హాలు ఒకప్పుడు సినిమా టాకీసు. నేల స్టేజీ వైపు వాలుగా ఉంటుందన్న సంగతి ఖాళీ చేతులతో తిరిగినప్పుడు నేను గమనించలేదు. డైరెక్టర్ అంతా సిద్ధం చేశాడు. వరసకు తమ్ముళ్ళయ్యే నలుగురు కుర్రాళ్ళు పట్టుకున్న పూల పందిరి కింద అక్క నడిచి రావాలి. స్టేజీ ముందు పెళ్ళికొడుకు ఒక మోకాలి మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గులాబీ పట్టుకుని ఉండాలి. నేను అక్కకు ఎదురుగా వెనక్కి నడుస్తూ తీయాలి. "అక్కా, నీకూ నాకూ మధ్య ఆరడుగులు. నేనెట్ల కదిలితే నువ్వట్ల కదులు, దూరం మారొద్దు" అని నేనే చెప్పాను.

బ్యాండు షురూ అయింది. మొదటి పదడుగులు మబ్బుల మీదే నడిచాం. ముందున్న బరువును ఆపడానికి నేను కాస్త వెనక్కి వాలాను. వాలుమీద ఆ వాలడం చాలు, ఇక నా కాళ్ళు నా మాట వినలేదు. వేగం పెరిగింది. బుద్ధిమంతురాలైన అక్క ఆరడుగుల దూరం తప్పకూడదని పట్టుచీర కుచ్చిళ్ళు పైకెత్తి వేగం పెంచింది. ఆమె వెనక పందిరి పరుగెత్తింది. అందరూ ఉరకడం చూసి, ఇదే పద్ధతి కాబోలనుకుని బ్యాండువాళ్ళు దరువు పెంచారు.

"ఆగవే!" అని అక్క వాళ్ళమ్మ అరిచింది.

"ఆగుతలేదు ఆంటీ!"

నా పని తేలడం మానేసి నేలకూలబోతోందని నాకు అర్థమైంది. అంతలో సఫారీ వేసుకుని, తన స్టాండు ఎలా పనిచేస్తుందో చూడ్డానికి వచ్చిన మా నాన్న ముందు వరసలోంచి లేచాడు. పరుగెత్తే బండిని ఎలా ఆపాలో ఆయనకు తెలుసు. పెద్దవాళ్ళ కోసం వేసిన సోఫా ఒకదాన్ని నా దారిలోకి నెట్టి, దాని వెనక భుజం ఆనించి నిలబడ్డాడు. నేను యంత్రంతో సహా దాంట్లో కూలబడ్డాను. సోఫా రెండడుగులు జరిగి, సరిగ్గా పెళ్ళికొడుకు పక్కన ఆగింది. ఎవరో ఆయాసపడుతూ పక్కకు వచ్చినట్టు అతనికి వినిపించింది. కళ్ళు తెరవకుండానే అటు తిరిగి, చిరునవ్వుతో గులాబీని నాకిచ్చాడు.

నేను తీసుకున్నాను. (ఏం చేయను, ముక్కు కిందికి వచ్చింది.)

బ్యాండువాళ్ళు దరువు ఆపేశారు. నా బతుకు ఇక్కడితో సరి, రేపటి నుంచి బ్యాంకు పరీక్షలే అనుకున్నాను. అప్పుడు అక్క నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వు కాదది, పందిరి కర్ర పట్టుకుని వంగిపోయి, కళ్ళనీళ్ళతో నవ్వింది. ఆ నవ్వు కెమెరాలో పడింది, వెంట్రుక వాసి కూడా కదలకుండా. సోఫా వెనకనుంచి మా నాన్న తల పైకెత్తి గుసగుసగా అడిగింది ఒకటే: "బొమ్మ ఊగిందా?"

"లేదు నాన్నా."

"మరి?" అని సఫారీ దులుపుకున్నాడు.

అక్క వాళ్ళమ్మ నాతో పెళ్ళి వీడియో కూడా తీయించింది, ఆ నవ్వు చూశాకే. కాకపోతే ఆ స్టాండును పెళ్ళికి తేనని ఒట్టు వేయించుకుంది.

మొన్న పాత హార్డ్ డిస్కు ఖాళీ చేస్తుంటే ఆ రోజు తీసింది కట్ చేయకముందు మొత్తంగా దొరికింది. నవ్వులయ్యాక కెమెరా ఆపడం మరిచిపోయినట్టున్నాను, తెరమీద హాలు కప్పూ ఒక ఫ్యానూ మాత్రమే ఉన్నాయి. మాటలు వినిపిస్తున్నాయి. పెళ్ళికొడుకు మేనమామలకు మా నాన్న వెల్డింగు ఎలా చేయాలో చెబుతున్నాడు. అక్క వాళ్ళమ్మ "ఫంక్షన్‌ను పరుగుపందెం చేసినవ్ గదనే" అని తిడుతోంది. ఆ వెంటనే, ఆయాసం ఇంకా తీరని, సిగ్గన్నది మచ్చుకైనా లేని ఒక ఆడపిల్ల గొంతు: "ఆంటీ, లైటింగ్ మస్తుంది. ఇంకొక్కసారి నడుద్దామా?"

ఇన్నేళ్ళుగా పెళ్ళి వీడియోలే తీస్తూ బతుకుతున్న నేను ఇప్పుడు పెళ్ళివారిని కుర్చీ ఒకటి జరపమనడానికే రెండుసార్లు ఆలోచిస్తాను. అలాంటి పిల్ల ఈరోజు పని అడుగుతూ వస్తే, భయంతో, పెట్టుకోను. ఆ గొంతును మాత్రం వెనక్కి జరిపి ఇంకోసారి విన్నాను.