పసుపు టవళ్ళ పెద్దమ్మ

పోయిన నెల ఆళ్ళగడ్డ నుంచి ఫోను వచ్చింది, పెద్దమ్మ పోయిందని. మా అమ్మకు సొంత అక్క. గోడకు ఆనుకుని చింతపండులో గింజలు తీస్తూ అట్లాగే ఒరిగిపోయిందట. "కూచోనే పోయిందక్కా" అన్నాడు ఆమె కొడుకు. పోయిందన్న మాట నమ్మాను కానీ, కూర్చున్నదన్న మాట నమ్మలేకపోయాను. ఆ రోజు నుంచి నాకూ ఒక చోట నిలకడ లేదు. ఇది రాయడానికి కూర్చోవడం, లేచి వంటింట్లోకి పోవడం, ఏ పని మీద వచ్చానో గుర్తురాక మళ్ళీ వచ్చి కూర్చోవడం, ఇదే సరిపోతోంది.

పెద్దమ్మ కాలు కాలిన పిల్లి. అన్నం కూడా నిలబడే తినేది. తొంభైల్లో, ఏటా ఎండాకాలం సేద్యం పనులు ముగిశాక, ఆళ్ళగడ్డ, రుద్రవరం ఆడవాళ్ళను ఒక బస్సుకు పోగుచేసి హైదరాబాదు చూపించుకొచ్చేది. డ్రైవరు తప్ప ఇంకో మగవాడికి ఆ బస్సులో చోటు లేదు.

దానికి కారణం మా పెద్దనాన్నే. పెళ్ళయిన కొత్తలో చార్మినార్ చూపిస్తానని ఆమెను హైదరాబాదు తీసుకుపోయి, ముందు తన పని చూసుకోవాలని ఒక ఆఫీసు వరండాలో కూర్చోబెట్టాడు. పొద్దుగూకేదాకా పని తెమల్లేదు. ఆమె ఆ వరండా ఒక్కటే చూసి ఇంటికొచ్చింది. "ఆ పొద్దు కూచున్న్యా, సాలు. మళ్ళా కూచునేది లేదు" అనేది. నవ్వుతూనే అనేది కానీ, ఆ నవ్వులో పెద్దనాన్నకు వాటా ఉండేది కాదు.

అందుకేనేమో, ఆమె ఊరు చూపించే తీరే వేరు. చార్మినార్ కింద అందరి తలలూ పైకెత్తించి, మెడలు నొప్పి పుట్టేలోపు గాజుల అంగళ్ళ వైపు తోలేది. గోల్కొండ దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించేది, ఆ చప్పుడు కొండ మీద వినబడిందో లేదో తెలిసేలోపు బస్సెక్కించేది. బిర్లా మందిరంలో దండం పెట్టుకునేవాళ్ళు తమ కోరికలేవో ఇంటి దగ్గరే తేల్చుకుని రావాలి. "సూసింది సాలు, సూడంది శానా ఉంది" అన్నది ఆమె మంత్రం.

అంత జనంలో మనవాళ్ళెవరో వెనక నుంచి తెలియడానికి, బయలుదేరే ముందు అందరి జడల్లోనూ ఒకే తీరున కనకాంబరాల దండ పెట్టించేది. ఎర్రగా కనిపించిన తలనల్లా తోలుకుపోయేది.

నేను నంద్యాలలో డిగ్రీ చదువుతున్నప్పుడు మా నాయన పోయాడు. అమ్మ గడప దాటడం మానేసింది. మహానందికి రమ్మన్నా రాలేదు. ఏడాది దాటాక పెద్దమ్మ వచ్చి, ఈసారి బస్సులో నువ్వు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. అమ్మ తల దించుకుని అన్నది: "పూలు పెట్టుకునేదాన్ని గాదు. నన్ను యాడ కలుపుకుంటావక్కా?"

పెద్దమ్మ ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు నాలుగుసార్లు తిరిగి బయటికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో పెద్ద మూట. బజారులో సాయబు గారి బట్టల అంగట్లో ఉన్న పసుపు టవళ్ళన్నీ తెచ్చింది.

అమ్మకు తోడుగా నేనూ బయలుదేరాను. ప్రయాణం రోజు బస్సులో గొణుగుడు మొదలైంది. ముత్తయిదువలం, పూలు లేకుండా ఊరు దాటడమేమిటని కొందరు, మగవాళ్ళ మాదిరి భుజాన టవలేమిటని కొందరు. "పూలు నాకు గుర్తుకోసరం పెట్టించినా. టవాలూ గుర్తుకోసరమే. నచ్చనోళ్ళు దిగండి" అన్నది పెద్దమ్మ. ఎవరూ దిగలేదు. అమ్మ భుజాన తన చేత్తోనే టవలు వేసింది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంట కొట్టే వేళకు దాని లోపలి నుంచి గడ్డం మనిషి బొమ్మ బయటికొచ్చి, సుత్తితో గంట కొట్టి మళ్ళీ లోపలికి పోతుంది. దాని కోసం జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. ఇంకాసేపట్లో పన్నెండు కొడుతుంది, చూసి పోదామని అందరమూ బతిమాలాం. కానీ కూర్చోవాలి కదా! గడియారాలు మన ఊళ్ళో లేవా, జూ చూసేది ఎప్పుడు, లెయ్యండి లెయ్యండి అంటూ తోలింది పెద్దమ్మ. బయట కోస్తా నుంచి వచ్చిన భక్తుల గుంపు ఒకటి నిలబడి ఉంది. వాళ్ళ భుజాల మీదా పసుపు టవళ్ళే. పెద్దమ్మ మనుషులను చూసే రకం కాదు, రంగును చూసే రకం. వాళ్ళను కూడా మాతో కలిపి బస్సులోకి నెట్టింది.

అమ్మ కోసమని ఆపిన సీటులో నా పక్కన ఒక ముసలాయన వచ్చి కూర్చుని, మొహం తుడుచుకుని, "ఇది మా బస్సేనాండీ?" అని అడిగాడు. లేచి వెనక్కీ ముందుకీ చూశాను. అమ్మ లేదు.

ఆ మాట చెప్పగానే పెద్దమ్మ బస్సు దిగింది. ఏడాదిగా ఇల్లు దాటని మనిషిని తెచ్చి ఇంత పెద్ద ఊళ్ళో పారేసుకున్నానన్న భయం. ఆమె పరుగు, వెనకే నేను. వాకిలి దగ్గర చూశాం, మెట్ల దగ్గర చూశాం. చివరికి గడియారం ముందు, ఎవరెవరో పిల్లల మధ్య, టవలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది అమ్మ.

"పోయినావనుకున్న్యా మే" అన్నది పెద్దమ్మ.

అమ్మ తల తిప్పలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. "కూచో అక్కా. ఆయప్ప ఇంగా రాలేదు."

పెద్దమ్మ కూర్చున్నది. ఒగరుస్తూ, అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నది. గడ్డపాయన వచ్చి పన్నెండు కొట్టి పోయాడు. జనమంతా లేచినా వాళ్ళిద్దరూ లేవలేదు. "ఇంత పొట్టోడా!" అని అమ్మ నవ్వింది. నాయన పోయాక అమ్మ నవ్వు వినడం నాకు అదే మొదలు. ఆ నవ్వుకు నేను పెద్దమ్మకు ఎంత రుణపడి ఉన్నానో ఆమె బతికుండగా చెప్పలేదు. చెప్పినా నిలబడి వినేది కాదు.

ఆ ఏడు జూ చూడలేదని బస్సంతా సణిగింది. తర్వాత కూడా కనకాంబరాలు మళ్ళీ రాలేదు, టవళ్ళే. మోకాళ్ళు మొరాయించేదాకా నడిపింది ఆ బస్సును. అన్నిసార్లూ అమ్మ వెళ్ళింది, అన్నిసార్లూ గుంపుకు వెనక తోకలాగా నడిచింది.

పోయిన నెల అమ్మా నేనూ ఆళ్ళగడ్డ చేరేసరికి వాకిట్లో శవం. అమ్మ వెళ్ళి అక్క తల దగ్గర కూర్చుంది, భుజాన వెలిసిపోయిన పసుపు టవలుతో. రుద్రవరం ఆడవాళ్ళు బస్సు దిగి వచ్చారు. ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో, వాళ్ళ భుజాల మీదా అవే టవళ్ళు. మగవాళ్ళు తొందరపెట్టారు, పొద్దు వాలుతోంది, లెయ్యండి అని.

అమ్మ కదల్లేదు. "ఉండండప్పా. ఇప్పుడే గదా నిమ్మళంగా ఉండేది. రవ్వంత సేపు ఉండనీండి" అన్నది.

నిలబడిన ఆడవాళ్ళు భుజాల మీది టవళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కరే ఆమె చుట్టూ కూర్చున్నారు.