ఆదివారం పూట అబద్ధాలాడిన వకీలు

శనివారం పొద్దున కరీంనగర్‌లో ఒక సీనియర్ వకీలు గుండెపోటుతో చనిపోయారు. ఆ ఫోన్ నాకు రాలేదు, నా భార్యకు వచ్చింది. మొన్నటిదాకా కోర్టు వార్తలు రాసిన రిపోర్టర్‌ని. జిల్లాలో పేరున్నవాళ్లు ఎవరు పోయినా ముందు నాకే తెలిసేది. ఈ వార్త మాత్రం వంటింటి గడప దగ్గర నిలబడి విన్నాను. ఆమె ఫోన్ పెట్టేసి ఏడుస్తూ "మా సార్ పోయిండు" అంది. ఆ ఏడుపులోనూ నాకు "మా" అన్న మాటే వినపడింది. అందులో నేను లేను.

నేనూ నా భార్యా లా కాలేజీలో ఒకే బెంచీ. ఒకే ఏడాది పాసయ్యాం. ఆమె హైదరాబాద్ వెళ్లి బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంది. నాకప్పటికే పత్రికలో ఉద్యోగం. నెలజీతం తీసుకునేవాడు వకీలుగా నమోదు కాకూడదన్నది నిబంధన. ఇద్దరం కలిసే ఆ సీనియర్ ఆఫీసుకు వెళ్లాం. ఆయన మా ఇద్దర్నీ చూసి, "బిడ్డా, నువ్వు రేపట్నుంచి రా. రిపోర్టర్ సాబ్, మీరు ఉద్యోగం ఇడిసిపెట్టినంక రాండ్రి" అన్నారు. ఆ రోజు నుంచి ఆమె బిడ్డ, నేను సాబ్.

కాలేజీ మూడేళ్లలో మాకు చట్టం చెప్పారు. కోర్టులో ఎలా నిలబడాలో ఎవరూ చెప్పలేదు. అది సీనియర్ దగ్గరే నేర్చుకోవాలి. ఆయన దగ్గర మొదటి ఆరు నెలలు జూనియర్‌కు కుర్చీ ఉండేది కాదు. కక్షిదారుడు వచ్చి తన గోడు చెప్పుకుని వెళ్లాక, "ఇగ ఎదుటోని కేసు చెప్పు" అనేవారు. చెప్పలేకపోతే ఫైలు ముట్టనిచ్చేవారు కాదు. వకాలత్ మీద కక్షిదారుడి సంతకం పెట్టించడం మరిచిపోయినందుకు ఒకసారి నా భార్యను కోర్టు వరండాలో అందరి ముందూ తిట్టారు. ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది. నేను ఓదార్చాను. నన్నెప్పుడూ అట్లా తిట్టరు కదా అనుకున్నాను. నేనెళ్తే ఆయన చాయ్ తెప్పించేవారు. చాయ్ బయటివాళ్లకే.

ఆయన ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. సోమవారం ఎదుటిపక్షం సాక్షికి క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటే, ఆదివారం ఆయనే ఆ సాక్షి అయ్యేవారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి మూలనున్న కుర్చీలో కూర్చునేవారు. ఇక ఆయన వకీలు కాదు. మంథని రైతు, మరాఠీ కలిపి మాట్లాడే ఆదిలాబాద్ దుకాణందారు, లేదంటే ప్రతి ప్రశ్నకూ "యాదికి లేదు భాయ్" అనే ఆటో డ్రైవర్. నిక్షేపంగా అబద్ధాలాడేవారు. వాటిని జూనియర్లు ప్రశ్నలతో పట్టుకోవాలి. భార్యను తీసుకుపోయే నెపంతో నేను ముందే వెళ్లి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చునేవాణ్ని.

ఒక ఆదివారం ఆయన హుజూరాబాద్ దగ్గరి రైతు. పొద్దుపొడుపుకు పక్క పొలమాయన హద్దురాయి పీకుతుంటే చూశానని సాక్ష్యం. నా భార్య అడుగుతోంది.

"గా రోజు అంగడికి పోయినవా?"

"పోకుంటే ఎట్లనమ్మా? వారానికొక్క అంగడాయె."

"ఇంట్లకెల్లి ఎప్పుడు ఎల్లినవ్?"

"చీకటుండంగనే ఎల్లిన."

ఆమె అక్కడితో ఆపేసింది. చీకట్లోనే ఊరు దాటినవాడు పొద్దుపొడుపుకు రాయి పీకడం చూడలేడు. అది చాలు. నాకు చాలలేదు. బెంచీ మీద నుంచే అడిగాను: "మరి అంగడికి పోయినోనివి, చూసిన అని ఎందుకు చెప్పినవ్?"

సాక్షి మొహం విప్పారింది. "మంచి మాట అడిగినవ్ సారూ! గీ అమ్మ అడుగుతనే లేదాయె. సగం తొవ్వల యాదికొచ్చింది, సంచి ఇంట్లనే మరిచిన. మర్లొచ్చిన. గట్టు మీదికెల్లి వస్తాంటే, గప్పుడు కండ్లార చూసిన!"

ఆఫీసంతా నవ్వింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నావైపు తిరిగారు. "రిపోర్టర్ 'ఎందుకు' అంటే వార్త దొరుకుతది సాబ్. వకీలు 'ఎందుకు' అంటే కేసు పోతది." తర్వాత, "చాయ్ తాగుతరా?" అన్నారు.

తిరిగొస్తుంటే బండి మీద వెనక నుంచి నా భార్య, "మధ్యల నువ్వెందుకు అడిగినవ్?" అంది.

"తెలుసుకుందామని."

"తెలుసుకునేటందుకు కాదు అడిగేది." గొంతు ఆమెదే, మాట ఆయనది. అప్పటికి ఆమెలో ఆయన ఎంత చేరిపోయారో నాకు తెలిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రెస్ బెంచీ మీద కూర్చుని ఆమె వాదనలు రాసుకున్నాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది. ఆమె గెలిచిన కేసులకు సంతోషించాను. ఆ ఆగడం మీద మాత్రం అసూయ పోలేదు.

ఈ చలికాలం ఉద్యోగం వదిలేశాను. నమోదు కాగితాలు బార్ కౌన్సిల్‌లో ఇచ్చి ఆయన దగ్గరికి వెళ్లాను.

"గీ వయసులనా?" అన్నారు.

"మీరే గదా రమ్మన్నది."

"ఆర్నెల్లు నిలబడాలె. మోకాళ్లు మంచిగున్నయా?"

"ఉన్నయి."

"ఉన్నయి కాదు. ఉన్నయి సార్."

"ఉన్నయి సార్."

"ఆదివారం రా. చాయ్ గీయ్ అడగకు." ఫైలు తెరుస్తూ, "ఇగ సాబ్ అనుడు బంద్" అన్నారు. అది గురువారం. రెండు రోజులకే ఆయన పోయారు.

బార్ అసోసియేషన్ హాల్లో సంతాప సభ పెట్టారు. జూనియర్లు ఒక్కొక్కరే లేచి తమను ఆయన ఎలా తిట్టారో చెప్పారు. చెబుతూ నవ్వారు, ఏడ్చారు. నన్నూ మాట్లాడమన్నారు. ఆయన ఏ కేసులు వాదించారో, ఏ తేదీన ఏ తీర్పు వచ్చిందో తప్పు లేకుండా చెప్పి కూర్చున్నాను. నాకు తిట్టు లేదు.

మొన్న ఆదివారం ఆఫీసు తెరిచారు. మర్నాడు ఆయన కేసు ఒకదాంట్లో సాక్షిని క్రాస్ చేయాలి, వకాలత్‌లో నా భార్య పేరు కూడా ఉంది. జూనియర్లు గోడవార నిలబడ్డారు. నేను బెంచీ దగ్గరికి వెళ్లలేదు, వాళ్ల చివర నిలబడ్డాను. మూల కుర్చీ వైపు ఎవరూ చూడటం లేదు. కాసేపటికి నా భార్య వెళ్లి అందులో కూర్చుంది.

"ఎవలు అడుగుతరు?" అంది. "కొత్తగ వచ్చినోళ్లు ముందు."

నేను ముందుకు వచ్చాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. భుజాలు జారాయి, కింది పెదవి వేలాడింది. నాకు తెలియని ఊరి ముసలామె ఒకతి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఈ మనిషి ఏమడుగుతాడోనని నా మొహంలోకి అనుమానంగా చూస్తోంది.