అప్ప చెప్పినా వినని సెల్స్

ఫిషింగ్ హార్బర్‌లో బోటుకి ఐసు ఎక్కిస్తుండగా చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. "ఏటి బావా, పొద్దున్నే కిళ్లీ ఏసీసినావా?" అన్నాడు బోటు డ్రైవరు. నేనూ నవ్వాను. ఆ వారంలోనే బ్లడ్ టెస్టు చేసి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అన్నారు.

కీమో అయ్యాక చెన్నైలో స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. డోనరు మా అప్ప నూకమ్మ, నా తోడబుట్టిన అక్క. హార్బర్‌లో చేపలమ్ముతుంది. "ఇంకనించి నీ ఒంట్లో నా రగతమేరా. ఊడిన మీసం మళ్లీ మొలుస్తాదో లేదో" అంది.

మీసం మొలిచింది గానీ జ్వరం పట్టుకుంది. సీఎంవీ అనే వైరస్. మందులు మార్చినా ఊపిరితిత్తుల దాకా పాకింది. మా తెలుగు డాక్టరు కూర్చుని చెప్పారు: "మీ అక్కగారికి ఈ వైరస్ ఎప్పుడో వచ్చి పోయింది. ఆమె లింఫోసైట్స్, అంటే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, దాన్ని గుర్తుపడతాయి. అవి ఎక్కిద్దాం. కాకపోతే మిమ్మల్నీ పరాయివాడనుకుని కొట్టొచ్చు. జీవీహెచ్‌డీ అంటాం."

"ఎక్కించకపోతే?"

"వైరస్ ఆగేలా లేదు."

భయం వేసింది, అంతకంటే ఎక్కువ సంబరం కలిగింది. ముఖం చూసి దొంగని పట్టే సెల్స్! బళ్లో పాఠాలు ఇలా చెప్పుంటే ఐదుతో మానేసేవాణ్ని కాదు.

అప్ప సెల్స్ ఉన్న చిన్న సంచి తగిలించారు. అప్ప మాస్కుతోనే దాని మీదకి వంగింది. "ఈడు నా తమ్ముడు. ఈణ్ని కొడితే నాను కొట్టాల, మీరు కాదు. ఆ దొంగెదవనే పట్టండి." తెలుగు రాని నర్సుకి కూడా నవ్వాగలేదు.

కొన్నాళ్లకి అరిచేతులు ఎర్రబడి దద్దుర్లు లేచాయి. జీవీహెచ్‌డీయే. "ముందు క్రీముతో చూద్దాం. స్టెరాయిడ్ ఎక్కువిస్తే పనిచేసే సెల్స్ కూడా పడుకుంటాయి" అన్నారు డాక్టరు. అప్ప నా చేతులు పట్టుకుంది. "సెప్పినా ఇనరేటి మీరు" అని లోపలున్న సెల్స్‌ని తిట్టింది.

దద్దుర్లు మెల్లగా తగ్గాయి. ఒక పొద్దున డాక్టరు రిపోర్టు ఊపుకుంటూ వచ్చారు. "వైరస్ సగానికి సగం పడింది." తర్వాతి రిపోర్టుల్లో ఇంకా పడింది, ఆఖరికి నెగటివ్. నేను మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ అడిగాను.

ఇప్పుడు అప్ప గంప పక్కనే నా ఐసు కొట్టు. నా బ్లడ్ గ్రూపు కూడా ఆమెదే. నాకు కోపమొస్తే "నీ తప్పు కాదులే, నా సెల్సవి" అంటుంది.

ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లకి ఒక్కటే చెబుతాను. జ్వరం వచ్చినా, దద్దురు కనిపించినా మాత్ర మింగి పడుకోకండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. లోపలున్నవి మా అప్ప మాటే వినలేదు, మీ మాట వింటాయా?