మడ్‌గార్డు మీద మూడు దెబ్బలు

దయ్యమనే మాట ఎవరైనా నా ముందర ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. నా ఇంటికి దిష్టి గుమ్మడికాయ కట్టలేదు, నా మెడలో తాయెత్తు లేదు. బడి మొహం చూడకపోయినా, ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ల మీద కొట్టిన నల్ల అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నవాణ్ని. ఏదైనా విప్పి చూసి నమ్ముతాను గాని విని నమ్మను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. మొన్న మా తమ్ముడి మనవడు, ఇంజనీరింగు చదివినవాడు, విని నవ్వాడు. ఆ నవ్వుకు కోపం వచ్చి రాస్తున్నాను.

రెండో యుద్ధం నడుస్తున్న కాలం. ఆదోనిలో ఒక పత్తి సావుకారి మిల్లులో నేను ఫిట్టరును. సావుకారి కొడుకు బళ్లారిలో ఒక మిలిటరీ దొర దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇద్దరే కూర్చునే కారు, గుడ్డ కప్పు, పొడుగాటి మూతి. పరుగులో బాగానే ఉండేది. నిలబెడితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికేది. దాని బాగోగులు నా పని.

నా పెళ్లాం ఈరమ్మ ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల. మధ్యాహ్నం జొన్న రొట్టెలు తెచ్చి షెడ్డులో కూర్చునేది. "ఈ పొద్దు యా పన్ను నొప్పంట దీనికి?" అని ఎగతాళి చేసేది. సిలిండర్లను రేడియేటరు వైపు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడతామని ఒకసారి చెప్పాను. అప్పట్నుంచి ఆమెకు అదొక ఆట. ఏది తప్పుతోందో ఊహించి, వేలికున్న రాగి ఉంగరంతో మడ్‌గార్డు మీద అన్ని దెబ్బలు కొట్టేది. సగం సార్లు తప్పే. తప్పని చెబితే "నీకే సూసేది రాదు, పో" అనేది.

తొలి కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆమె పోయిన తర్వాతే కారుకు ఒక కొత్త రోగం పట్టింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

చల్లగా ఉన్నప్పుడు నాలుగు సిలిండర్లూ పలికేవి. వేడెక్కాక ఏదో ఒకటి ఎగ్గొట్టేది, ఇంజను ఎగిరెగిరి ఆగిపోయేది. ప్లగ్గు నెత్తికీ ఇంజనుకూ మధ్య కట్టె పిడి స్క్రూడ్రైవరు ఆనిస్తే ఆ ప్లగ్గు నిప్పు చస్తుంది. పనిచేసే సిలిండరైతే ఇంజను కుంగుతుంది, పనిచేయనిదైతే తేడా రాదు. అలా పట్టుకోబోతే, నేను ఆనించేలోగా నాలుగూ పలికేవి. విప్పి బయట పెడితే నాలుగు ప్లగ్గుల్లోనూ నిప్పు బాగానే వచ్చేది.

ఆదోనిలో ఏ బండి చెడినా ముందు దూదిని తిడతాం. జిన్నింగు రోజుల్లో గాలి నిండా దూదే. పైగా యుద్ధకాలపు పెట్రోలు మీద నమ్మకం లేక పాత పంచెలో వడగట్టి పోసేవాళ్లం. ఆ పంచె నూగే మళ్లీ పోయి కార్బురేటరులో పెట్రోలు చిమ్మే సన్న బెజ్జం, అదే జెట్టు, దాంట్లో అడ్డం పడేది. అందరిలాగే నేనూ దూదినే వెతికాను.

ఒక పొద్దున మా బావమరిది రంగన్న ఎమ్మిగనూరు నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"బావా, అక్కకు రేత్రినుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని సేతులెత్తేసింది. డాక్టరమ్మను పిల్సకరమ్మనింది మాయమ్మ."

ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టరమ్మ సంచి సర్దుకుని, బండి తెస్తే వస్తానంది. రంగన్నను అక్కడే ఉంచాను. పెట్రోలు కరువుకు బొగ్గు పొగతో నడిపే బస్సు ఒకటుండేది, అదీ అప్పటికే వెళ్లిపోయింది. మిగిలింది ఈ కారొక్కటే. సావుకారి కొడుకును అడిగాను.

"నడిస్తే తీసకపో మిస్త్రీ. నడ్సకపోతే నేనేం జేసేది, మోసకపోతానా?" అన్నాడు, వేపపుల్ల నములుతూ. ఆ వేపపుల్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇంజను తిప్పాను. వేడెక్కింది, ఎగ్గొట్టింది, షెడ్డు దాటకముందే ఆగింది. మిల్లు డ్రైవరు ఖాసీం "దూదప్పా, ఇంకేముండాది" అన్నాడు. జెట్టు విప్పి ఊదాను, బిగించాను. మళ్లీ అంతే. మళ్లీ విప్పాను.

ఇంజను ఆగి ఉంది. జెట్టు నా పెదవుల దగ్గర ఉంది. అప్పుడు మడ్‌గార్డు మీద చప్పుడైంది. టక్, టక్, టక్. కాస్త ఆగి, మళ్లీ మూడు.

"ఏమప్పా, పని ఇడ్సిపెట్టి దరువేస్తాండావు?" అన్నాడు ఖాసీం.

"నా సేతులు ఈడ ఉండాయి కదన్నా."

అతను నా చేతులు చూశాడు. వంగి బండి కింద చూశాడు. మళ్లీ మూడు దెబ్బలు. ఖాసీం "యా అల్లా" అంటూ గోడ దాకా జరిగాడు.

నేను ఆలోచించలేదు. మూడో ప్లగ్గు విప్పి ఎండలోకి తెచ్చి తిప్పి చూశాను. తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత పగులు, దాని వెంబడి సన్నటి మసి గీత. చల్లగా ఉంటే మూసుకునే పగులు వేడికి విచ్చుకుంటోంది, నిప్పు దాంట్లోంచి పారిపోతోంది. మిల్లులో నీళ్లు తోడే పెట్రోలు ఇంజను ప్లగ్గు ఊడదీసి దీనికి బిగించాను. కారు వణకలేదు.

డాక్టరమ్మను ఎక్కించుకుని పోయాను. ఎమ్మిగనూరు దాకా ఒక్క దెబ్బ తప్పలేదు. ఆపితే మళ్లీ మొరాయిస్తుందేమోనని, ఇంటి ముందర ఇంజను అలాగే వదిలి లోపలికి ఉరికాను.

బిడ్డ దక్కలేదు. ఈరమ్మ కూడా అప్పటికే పోయింది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చూసి, సంచి తెరవకుండానే పక్కన పెట్టింది.

మా అత్త నేల మీద కూర్చుని చెప్పుకుంటూ ఏడ్చింది. "ఈదిలో పడుగు సుట్టేటప్పుడు కండ్లు మూసింది నాయనా. దానికి ముందు ఉంగరంతో మంచం కోడును కొడ్తాండె. మూడు కొట్టేది, ఆపేది, మళ్ల మూడు. నీళ్లకేమో అనుకుంటిమి. నోట్లో పోస్తే మింగలే."

నేతవాళ్లు వీధిలో సాచిన పడుగు నూలును ఎండ ముదరకముందే చుట్టేస్తారు. షెడ్డులో నేను జెట్టు ఊదుతున్నదీ ఆ పొద్దుకే.

బయట ఇంజను మెత్తగా తిరుగుతోంది. అంత బాగా అది ఎన్నడూ నడవలేదు. మా మామ "దాన్ని ఆపు అల్లుడా, ఇంక యాడికి పోయేదుండాది" అన్నాడు. నాకు లేవడం చేతకాలేదు. ఆయనే పోయి, ఎలా ఆపాలో తెలియక, దాని మూతి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

వేడి రేకు చల్లారితే టక్కుమంటుంది తాతా అంటాడు మా మనవడు. అది నువ్వు పుట్టకముందు నుంచీ నాకు తెలుసు నాయనా. రేకు మూడు లెక్కపెట్టి ఆగుతుందా? ఆగి మళ్లీ మూడే కొడుతుందా?

దయ్యాలున్నాయని నేను ఈరోజుకీ అనను. కారు చెడిందని ఆమెకు ఎవరు చెప్పారో, ఎమ్మిగనూరులో మంచం మీదున్న మనిషి చెయ్యి ఆదోని షెడ్డులో ఎలా వినపడిందో నాకు అంతుపట్టలేదు. ఆఖరున నన్ను గురించి ఏమైనా అనిందా అని మా అత్తను ఆమె బతికున్నన్నాళ్లూ అడిగాను. ఏమీ అనలేదనే చెప్పింది. చెప్పుకోవడానికి మిగిలిన ఆ కాస్త ఊపిరీ ఈరమ్మ నా చెడిపోయిన బండికే పెట్టేసింది.