మా స్లాబు చూసిన పెద్దాయన

ఇంటి పైకప్పు పరీక్షించడానికి వచ్చే మనిషి ముందుగా నిచ్చెన అడుగుతాడని అనుకున్నాను. ఆయన మంచినీళ్ళు అడిగాడు. తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, "ఇంటావిడ ఏరి బాబూ?" అన్నాడు.

ఆయన ఓవర్సీరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో స్లాబు పాడైందంటే ఎవరైనా మేస్త్రీనే పిలిచేవారు. మేస్త్రీ వచ్చి పైకి చూసి, నాలుగు తాపీల సిమెంటు పూసి, మళ్ళీ పిలుస్తారులే అన్న ధీమాతో వెళ్ళిపోయేవాడు. ఈయన పూత పని ముట్టుకోడు. జబ్బేమిటో చెప్పడమే ఆయన పని. ప్రార్థనకు వెళ్ళేవాడిలా తెల్లచొక్కా వేసుకొచ్చాడు. చేతిసంచీలో చిన్న సుత్తి, ఉలి, టార్చిలైటు, సుద్దముక్క ఉన్నాయి.

ఆయన్ని పిలవక తప్పలేదు. ముందు వారం ఒక మధ్యాహ్నం మా పడగ్గది కప్పు నుంచి విస్తరాకంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఏడేళ్ళ మా అమ్మాయి అప్పుడే దాహమని లేచి వంటింట్లోకి వెళ్ళింది. దిండు మీద పడ్డ ఆ ముక్కను మా ఆవిడ రెండు చేతులా ఎత్తి తెచ్చి నా ముందు పెట్టింది. "ఈ ఇంట్లో పిల్లని పడుకోబెట్టొచ్చో లేదో తేల్చండి" అంది. తేల్చుకోవాలని నాకూ ఉంది. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉంది. తప్పు ఆవిడదేనని ఒక తెలిసినవాడి నోట చెప్పించాలి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ రోజు నా మనసులో ఉన్నది అదే.

మేము గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాళ్ళం. డెబ్బైల నడుమ సీతమ్మధారలో ఈ ఇల్లు కట్టుకున్నాం. నాకు షిఫ్టు డ్యూటీలు, దగ్గర నిలబడి కట్టించుకునే వీలు లేదు. మా సెక్షన్లోనే పనిచేసే ఒక స్థానికుడు ఆ భారమంతా తన నెత్తిన వేసుకున్నాడు. ఈ ఊళ్ళో మగవాళ్ళు ఒకరినొకరు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. అయినా నేను మాత్రం దేవుడు నాకు నిజం బావనే ఇచ్చాడని మురిసిపోయాను. ఇసక లారీలు మాట్లాడింది అతనే, సెంట్రింగు వాళ్ళను అదిలించింది అతనే. స్లాబు పోసిన రోజు పంచె ఎగ్గట్టి కూలీలతో పాటు తట్టలు అందించాడు. వాళ్ళకి మాంసం కూరతో భోజనాలు పెట్టించి, అందరూ తిన్నాక గాని తను విస్తరి ముందు కూర్చోలేదు. ఆ తర్వాత మూడు వారాలు, సింహాచలం దారిలో ఉన్న తన ఇంటి నుంచి తెల్లవారేసరికి సైకిలేసుకుని వచ్చి మా స్లాబు తడిపి వెళ్ళేవాడు. అలాంటివాణ్ణి నమ్మక ఎవరిని నమ్ముతారు?

గృహప్రవేశం అయ్యాక ఆదివారం భోజనం అతనికి మా ఇంట్లోనే. తిన్నాక గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసుకుని మా ఆవిడతో, పిల్లతో అష్టాచెమ్మా ఆడేవాడు. మా ఆవిడ పౌడరు డబ్బాలో దాచిన నాలుగు గవ్వలు బయటికొచ్చేవి. గవ్వలు వెయ్యడంలో అతనిది అందెవేసిన చెయ్యి. అష్టా పడితే ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచేవాడు.

ఆరో ఏడు కప్పు మీద తుప్పు రంగు మరకలు మొదలయ్యాయి. అతన్నే పిలిచి చూపించాను. పైకి చూసి, ఒక్క క్షణమైనా ఆలోచించకుండా చెప్పాడు.

"సెల్లెమ్మ పైన ఉప్పు సేపలు ఎండబెడతంది గదా బావా. ఆ ఉప్పే దిగిపోనాది. స్లాబేటి సేస్తాది పాపం!"

నాకు అది వేదవాక్కు. మా ఆవిడకి ఎండు చేపలంటే ప్రాణం. నెత్తళ్ళు, సావిళ్ళు ఉప్పు పట్టించి మేడ మీద చాప పరిచి ఎండబెట్టేది. ఆ రోజే చాప కిందికి దింపించాను. మానేసింది. మరకలు మాత్రం మానలేదు. మానకపోతే, దిగిన ఉప్పు దిగిపోయింది కదా అన్నాను. పెచ్చు ఊడిన ప్రతిసారీ, చుట్టాలొచ్చి కప్పు చూసిన ప్రతిసారీ, "మా ఆవిడ చేపల చలవ" అని నవ్వించేవాణ్ణి. అలా రెండేళ్ళు. ఆవిడ తల వంచుకుని ముక్కలు ఊడ్చేసేది.

ఇప్పుడు ఆ పెద్దాయన ఇంటావిడ ఏరి అనగానే నాకు చిర్రెత్తింది. "నేనున్నానుగా, అడగండి" అన్నాను.

"మీరు డూటీకి ఎల్లిపోతారు బాబూ. కప్పు కింద ఉండేది ఆవిడ. ఏ గదిలో ముందు మరక పడ్డాదో ఆడోళ్ళకే తెలస్తాది. నాను ఎక్కడికెల్లినా ముందు ఇంటావిణ్ణే అడుగుతాను" అని, గుమ్మం దగ్గరికొచ్చిన మా ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా."

ఆవిడ వరసగా చెప్పింది. ముందు పడగ్గదిలో కిటికీ పక్కన. తర్వాత దూలం అంచున. వానాకాలం కంటే వానలు వెలిశాక ఎక్కువ. ఇంత తెలుసని నాకే తెలియదు. నేను మధ్యలో అందుకుని చేపల సంగతి చెప్పాను. ఆయన సంచీలోంచి సుత్తి తీశాడు.

తర్వాత స్టూలెక్కి కప్పును సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటోంది. డొల్లచోట కుండ మీద కొట్టినట్టు మోగుతోంది. డొల్ల అయిన ప్రతిచోటా సుద్దతో సున్నా చుట్టాడు. పడగ్గది అయ్యేసరికి కప్పు నిండా సున్నాలే. ముందుగదిలో తక్కువ, అయినా ఉన్నాయి. అప్పుడు నిచ్చెన అడిగాడు. మేడ మీద పిట్టగోడ మొదళ్ళు చూశాడు, బకెట్టు నీళ్ళు పోసి తూము వైపు పారుతున్నాయో లేదో చూశాడు, మోకాళ్ళ మీద కూర్చుని గచ్చంతా చేత్తో తడిమాడు. దిగి వచ్చి పడగ్గదిలో ఒక సున్నా దగ్గర ఉలితో పెచ్చు ఊడదీశాడు. లోపలి ఊచ తుప్పుతో ఉబ్బి పొరలు పొరలుగా రాలింది. ఆ కాంక్రీటు పొడి చిటికెడు నాలిక మీద వేసుకుని, కిటికీలోంచి ఉమ్మేశాడు.

"ఉప్పు" అన్నాడు.

"విన్నావా?" అన్నాను మా ఆవిడతో. నా గొంతులో ఆ సంతోషం ఇప్పటికీ నా చెవిలో ఉంది. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"తొందరపడకండి బాబూ. పైనుంచి దిగిన ఉప్పయితే ముందు పైన గచ్చు పాడవ్వాల. అది బాగానే ఉన్నాది. ఈ ఉప్పు పోసినప్పుడే ఉన్నాది" అంటూ ఇంకో రెండుచోట్ల తవ్వాడు. మూడోచోట ఉలి ఆపి, గోటితో ఏదో గిల్లి, నా అరచేతిలో పెట్టాడు. కాంక్రీటు ముక్క. దానిలో సగం కూరుకుపోయి, తెల్లగా, చిటికెన వేలి గోరంత గవ్వ.

"సముద్రపు ఇసక. ఏటి ఇసకలో ఇయ్యి ఉండవు."

మా ఆవిడ లోపలికి వెళ్ళి పౌడరు డబ్బా తెచ్చింది. నాలుగు గవ్వలు ఆయన చేతిలో పోసింది.

"ఇవీ అందులోవే బాబాయిగారూ. ఇసక దింపిన రోజు కుప్పలో ఏరాను. ఇది మా గోదారి ఇసకలా లేదు, గవ్వలున్నాయని అప్పుడే చెప్పాను."

"ఎవులికి సెప్పావమ్మా?"

ఆవిడ నా వైపు చూసింది. చెప్పింది, నిజమే. ఆ మాట బావకి చెప్పి నవ్వాను. "సెల్లెమ్మకి పుట్టింటి మీద బెంగ పుట్టినాది" అని అతనూ నవ్వాడు. ఆ గవ్వలతోనే ఎనిమిదేళ్ళు మా ఇంట్లో కూర్చుని అష్టాలు వేశాడు. అవి ఎక్కడివో తెలిసే వేశాడు.

పడగ్గదిలో ఎవరూ పడుకోవద్దని, ముందుగది కప్పుకి ఊతకర్రలు పెట్టి వేసవి దాకా నెట్టుకురమ్మని, ఆ తర్వాత స్లాబు పగలగొట్టి కొత్తది పోసుకోవాల్సిందేనని ఆయన చెప్పాడు. వెళ్ళేటప్పుడు నాతో కాదు, మా ఆవిడతో "వస్తానమ్మా" అన్నాడు.

నేను ఆ సాయంత్రమే గవ్వ ఉన్న ముక్క జేబులో వేసుకుని బావ ఇంటికి బస్సెక్కాను. ముందుగదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కప్పు వైపు చూశాను. నా స్లాబు పోసిన వారంలోనే అతనూ పోసుకున్న స్లాబు అది. సన్నని గీత కూడా లేదు. ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

"ఏటి బావా ఇది?"

"నా స్లాబులోది."

అతను దాన్ని ముట్టుకోలేదు. "ఆ నెల ఏరు పొంగీసినాది బావా. ఒక్క స్లాబుకి సరిపడా ఇసకే దొరికినాది. నువ్వేమో ముహూర్తం పెట్టీసావు."

"నెలాగమంటే ఆగేవాణ్ణి కదా."

అతను టీ గ్లాసు నా వైపు జరిపాడు.

"సరే, నీకు నీ ఇల్లు ముఖ్యం. మరి మా ఆవిడ చేపల మీదికి ఎందుకు తోశావు?"

"అప్పుడేదో నోటికొచ్చీసినాది బావా" అన్నాడు.

టీ అక్కడే వదిలేసి వచ్చేశాను. దారి పొడుగునా ఒళ్ళు ఉడికిపోయింది. మూడు వారాలు తెల్లవారుజామున వచ్చి నీళ్ళు పోసింది ప్రేమతో కాదు, భయంతో. నమ్మించి గొంతు కోశాడు. ఇంట్లో అడుగుపెట్టేసరికి మా ఆవిడ పరుపులు ముందుగదిలోకి మారుస్తోంది. అంతా కక్కేశాను. వాణ్ణి మళ్ళీ గడప తొక్కనిస్తే ఒట్టు అన్నాను. ఆవిడా నాతో పాటు నాలుగు తిడుతుందని చూశాను.

ఆవిడ దుప్పటి మడత పెట్టి పరుపు మీద వేసింది.

"ఆయన ఒక్కసారి అన్నాడండీ. రెండేళ్ళు అన్నది మీరు" అంది.

వేసవిలో స్లాబు పగలగొట్టించాం. కొత్త ఇసక లారీ వచ్చినప్పుడు దింపనివ్వకుండా దోసెడు తీసి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. అరచేతిలో పరిచి, వేళ్ళతో కెలికి చూసి, "దింపించండి" అంది. ఆ స్లాబు ఇప్పటికీ గట్టిగా ఉంది. కొత్త మేడ మీదికి చాప నేనే మోసుకెళ్ళి పరిచాను. అది అక్కడే ఎండకు ఎండి, వానకు తడిసి చివికిపోయింది. ఆవిడ మళ్ళీ చేపలు ఎండబెట్టలేదు.